పులుసులో కలిపే మాత్ర

తాగేవారికి తెలియకుండానే తాగుడు మాన్పిస్తామనే ప్రకటనలు బస్టాండు గోడల మీద ఎన్నాళ్లుగానో చూస్తున్నాం. ఇప్పుడవి ఫోన్లలోకీ వచ్చాయి. తెలియకుండా కలపాల్సింది ఎవరు? వంట చేసేవాళ్లే. అంటే భార్య, లేదా తల్లి. ప్రకటనలో ఆమె మాటే ఉండదు గాని, ఆమె లేకపోతే ఆ సరుకు అమ్ముడుపోదు.

ఆ పొట్లాల్లో ఏముంటుందో కొన్నవాళ్లకు తెలియదు. డాక్టర్లు రాసే మాత్రల్లో అందరికీ తెలిసింది డైసల్ఫిరామ్. 1948లో డెన్మార్కు పరిశోధకులు లోకానికి తెలిపిన మందు. ఒంట్లో ఆల్కహాలు విరిగేటప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థాన్ని ఇది పోనివ్వకుండా నిలవబెడుతుంది. మాత్ర మింగినవాడు తాగితే మొహం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, రక్తపోటు పడిపోతుంది. గుండెజబ్బు ఉంటే ప్రాణమే పోవచ్చు. మాత్ర ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. తాగి ఉన్న మనిషికి గాని, పూర్తిగా తెలియజెప్పకుండా గాని ఇవ్వనే కూడదని ఆ మందు హెచ్చరికలోనే ఉంది. తెలిసి, ఒప్పుకుని, పరీక్షలు చేయించుకుని వేసుకునే మనిషికి ఉపయోగపడే మందే. నా తగాదా మందుతో కాదు.

పరిశోధన కోసం తిరుగుతున్నప్పుడు కలిసిన ఒకామెకు "పులుసులో కలుపమ్మా, మానేస్తాడు" అని ఒక డాక్టరే చెప్పాడట. మూడో రోజు భర్త తాగొచ్చి, అన్నం తిని, ఊపిరాడక పడిపోయాడు. బతికాడు. కానీ ఊరి దృష్టిలో ఆమె మొగుడికి విషం పెట్టిన మనిషి అయింది. అత్తగారు పొయ్యి దగ్గరకు రానివ్వలేదు. అతనికి కొట్టడానికి ఇంకో కారణం దొరికింది. ఆ డాక్టరును ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంకో సలహా కూడా మనకు తెలిసిందే: నాలుగు రోజులు గదిలో పెట్టి గొళ్లెం వెయ్యి. ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒళ్లు ఉన్నట్టుండి ఆపితే కొన్ని గంటలకే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి మతి తప్పి లేని పురుగులూ మనుషులూ కనిపిస్తారు. వైద్యులు డెలిరియం ట్రెమెన్స్ అనే ఈ స్థితిని మనవాళ్లు గాలి సోకిందంటారు. చికిత్స అందకపోతే మనిషి చనిపోవచ్చు.

ఆ చికిత్స గొప్ప ఖరీదైనదీ కాదు. క్లోర్‌డయజిపాక్సైడ్ గాని డయజిపామ్ గాని మొదట తగినంత ఇచ్చి వారం పది రోజుల్లో తగ్గించుకుంటూ వస్తారు. లివరు చెడినవాళ్లకు లోరాజిపామ్. వీటితో పాటు థయమిన్, అంటే బి1 విటమిన్, ఇంజెక్షన్లు. తిండి మానేసి తాగినవాళ్లకు థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతిని జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ చేత గ్లూకోజు సీసా పెట్టించే ఊళ్లు మనకెన్ని తెలుసు!

లక్షణాలు తేలికగా ఉంటే డాక్టరు పర్యవేక్షణలో ఇంట్లోనే నయం చేయవచ్చు. ఇంతకుముందు ఫిట్స్ వచ్చినవాడికి, మతి తప్పినవాడికి ఆస్పత్రి మంచమే కావాలి, పూటపూటా చూసే నర్సు కావాలి. మామూలుగానే కొట్టే మనిషి మతి తప్పి ఉన్న గదికి భార్యను కాపలా పెట్టడం ఏ రకం వైద్యం?

ఆ మంచం ఎక్కడుంది? 2019లో ఎయిమ్స్ నివేదిక ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒకరు. మద్యం మీద వచ్చే ఆదాయాన్ని రూపాయితో సహా లెక్కపెట్టే ప్రభుత్వాలకు ఈ లెక్క పట్టదు.

మనల్ని మనం కూడా అడుక్కోవాలి. 1992లో దూబగుంటతో రగిలిన ఉద్యమం 1993లో సారాను నిషేధింపజేసింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. దుకాణం మూయించడం గురించి అంత మాట్లాడినవాళ్లం, మూశాక తాగేవాళ్ల ఒంట్లో ఏం జరుగుతుందో పెద్దగా మాట్లాడలేదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగాయి. ఆ కల్లులో కలిపేది ఆల్ప్రజోలామ్, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్. అది ఆగగానే వణుకుతూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకు వచ్చినవాళ్లలో కూలి స్త్రీలూ ఉన్నారు. వాళ్ల పులుసులో మాత్ర కలపమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ముందు మళ్లీ అదే దృశ్యం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా అనారోగ్యంగానే గుర్తించింది. ప్రభుత్వ ఖర్చుతో నడిచే సేవలు పొందడం హక్కు అంది. మన ఏరియా ఆస్పత్రికి గుంపుగా వెళ్లి అడుగుదాం: థయమిన్ ఇంజెక్షన్లు ఉన్నాయా? తాగుడు మానడానికి వచ్చినవాళ్లకు మంచాలెన్ని? అందులో స్త్రీలకెన్ని?

ఈలోగా మాత్ర కలుపుతున్న స్త్రీ ఎవరైనా మన దగ్గరకు వస్తే ఆమెను దోషిగా నిలబెట్టవద్దు. వెంటనే ఆపించాలి. రెండు వారాల దాకా చుక్క ముట్టినా ప్రమాదమని డాక్టరు చేతనే అతనికి చెప్పించాలి. ఆ డాక్టరు దగ్గరకు ఆమెను ఒంటరిగా పంపకూడదు.