నాన్న పందెం

మా నాన్న సింగపూర్‌ని మొట్టమొదట చూసింది తెనాలిలో, నేల టిక్కెట్టు మీద!

నమ్మరా? అది 1979. ఆయన ఇంటర్మీడియెట్ చదువుతున్నాడు. ఊళ్ళో బాలచందర్ గారి ‘అందమైన అనుభవం’ పడింది. ముందటేడు ‘మరోచరిత్ర’ చూసి మతులు పోగొట్టుకున్న కుర్రకారంతా, కమల్‌హాసన్ కొత్త పిక్చర్ అనేసరికి హాలు మీద పడ్డారట. అందులో రజనీకాంత్ ఉన్నాడు, జయప్రద ఉంది, విశ్వనాథన్ గారి పాటలున్నాయి. అన్నిటినీ మించి సింగపూర్ ఉంది. ఇప్పుడంటే హీరో హీరోయిన్లు పల్లవిలో గుంటూరులో ఉండి చరణంలో స్విట్జర్లాండులో తేలినా మీరెవరూ కనురెప్ప వెయ్యరు గానీ, ఆ రోజుల్లో ఔట్‌డోర్ అంటే ఊటీ, మహా అయితే కాశ్మీరు. ఓ పాటల బృందం విమానమెక్కి ఇంకో దేశం పోయి, అక్కడి వీధుల్లో ఆడుతూ పాడుతూ తిరుగుతుంటే, నేల క్లాసు నోరు తెరుచుకుని చూసిందంటే చూడదూ మరి!

ఆ సినిమాలో ఒక సీను మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒకాయన రజనీకాంత్‌తో పందెం కాస్తాడు. సిగరెట్టు పైకెగరేసి నోటితో అందుకోవాలి, వరసగా పదిసార్లు. గెలిస్తే కారు. ఓడితే వేలు కోసిచ్చెయ్యాలి! నాన్నా, ఆయన ముగ్గురు స్నేహితులూ మర్నాటి నుంచి అదే పని. సిగరెట్టుకి డబ్బుల్లేవు, ఉన్నా మా తాతగారు వీపు చీరేస్తారు. అందుకని వేయించిన వేరుశనగ గింజలతో సాధన. ఆ నలుగురూ కాలవగట్టు మీద కూర్చుని, ఎప్పటికైనా సింగపూర్ వెళ్ళాలిరా అని ఒట్లు కూడా పెట్టుకున్నారట. ‘మరోచరిత్ర’ చూసినప్పుడు పెట్టుకున్న ఒట్టు విశాఖపట్నం గురించి. అది పెళ్ళయ్యాక అమ్మతో కలిసి తీర్చుకున్నాడు. సింగపూర్ మాత్రం బడిపంతులు జీతానికి అందలేదు.

చివరికి ఆ ఊళ్ళో కాపురం పెట్టింది నేను. 2016లో మా ఆయన ఉద్యోగం ఇక్కడికి మారితే రెండు పెట్టెలూ ఒక ఆవకాయ జాడీతో వచ్చి పడ్డాం. నాన్నకి ఫోన్ చేసి, “వచ్చేశాం నాన్నా” అంటే, “సరేగానీ, అక్కడ నీళ్ళు కక్కే సింహం ఉంటుంది, చూశావా?” అన్నాడు. ఎవరో ఎప్పుడో ఇచ్చిన ఆ సింహం పోస్టుకార్డు ఆయన బీరువా తలుపుకి లోపలివైపు అంటించి ఉంటుంది. చిన్నప్పుడు నేను దాన్ని దేవుడి బొమ్మ అనుకునేదాన్ని!

పరాయి దేశంలో కాపురం అంటే ఏమిటో మీకో ముక్క చెప్పనా? ఇక్కడ ముహూర్తాలు పెట్టేది ఆఫీసు క్యాలెండరు. వరలక్ష్మీ వ్రతం శుక్రవారం కదా అంటే, శనివారం కుదురుతుందంటుంది లక్ష్మి. సీమంతానికి పేరంటాళ్ళు ఎవరంటే మా అంతస్తులో ఉన్న మలయ్ ఆవిడా, ఎదురింటి చైనా బామ్మా. వాళ్ళిద్దరూ గాజులు వేయించుకుని తెగ మురిసిపోయారనుకోండి. ఇంట్లో జరిగే ప్రతి మంచికీ కుర్చీలు నిండుతాయి. కూర్చోవాల్సిన మనుషులే ఎక్కడో ఉంటారు.

2019 డిసెంబరులో మా చిట్టి పుట్టింది. పురుడు పొయ్యడానికి అమ్మ ఒక్కతే వచ్చింది. నాన్నకి పిల్లల పరీక్షలు. “వేసవి సెలవులకి వచ్చేస్తా. ఐదో నెల అన్నప్రాశన నా చేతుల మీదుగానే!” అన్నాడు. అమ్మ ఉగాదికి ఇంటికి చేరేట్టు టిక్కెట్టు కొన్నాం. 2020 ఉగాది మార్చి 25న. సరిగ్గా ఆ వారమే మన దేశానికి విమానాలు ఆగిపోయాయి. ఏప్రిల్ 7 నుంచి ఇక్కడా తలుపులు మూసేశారు.

అమ్మ ఇక్కడ, నాన్న అక్కడ. పెళ్ళయ్యాక పట్టుమని పదిరోజులు విడిగా ఉన్న మనుషులు కారు. నాన్నకి వచ్చిన వంటల్లా కాఫీ. రోజూ పొద్దున్నే ఫోన్‌ని ఉప్పుడబ్బాకి ఆనించి పొయ్యి ముందు నిలబడేవాడు. మూడు వేల కిలోమీటర్ల అవతల నుంచి మా అమ్మ, “పోపు మాడుతోందండీ, దించండి!” అని కేకేసేది. “నీకెలా తెలిసిందే, వాసన వచ్చిందా?” అంటే, “చప్పుడు మారింది” అనేది. మా ఆయనకి ఇదంతా ఉచితంగా వేసిన మార్నింగ్ షో.

అన్నప్రాశన మే నెలలో చేశాం. నాన్న తెనాలిలో తనే పరమాన్నం వండాడు. అది పొంగి పొయ్యంతా పాకం అయిందట, ఆ సంగతి తర్వాత చెప్పాడు. తెల్లపంచె కట్టుకుని, వెండిగిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఇక్కడ మా ఆయన చిట్టికి నాకించాడు. తర్వాత పుస్తకం, కలం, బంగారం, పువ్వు వరసగా పెట్టి పిల్లని బోర్లా పడుకోబెట్టాం. అది వీటి దేనివంకా చూడలేదు. పక్కనే నిలబెట్టి ఉన్న ఫోన్ మీద దభీమని చెయ్యేసింది.

“సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అవుతుందండీ మావయ్యగారూ!” అన్నాడు మా ఆయన.

“కాదండీ అల్లుడుగారూ, నన్ను పట్టుకుంది” అన్నాడు నాన్న.

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు అక్కడే ఏదో సర్దుతూ ఉండిపోయింది.

విజిట్ పాసు పొడిగించుకుంటూ పొడిగించుకుంటూ, ఆగస్టులో ప్రత్యేక విమానం దొరికితే అమ్మని పంపాం. హైదరాబాద్ హోటల్లో ఏడు రోజులు, ఇంట్లో ఇంకో ఏడు రోజులు విడిగా ఉండాలన్నారు. ఎనిమిదో రోజున ఇల్లు చేరిన అమ్మ గదిలో, మాస్కు కట్టుకున్న నాన్న వరండాలో. కిటికీ చువ్వల మధ్య నుంచి కాఫీ గ్లాసు అందించాడట. కాఫీ బాగుందా అని అడిగాను. “చక్కెర వెయ్యడం మర్చిపోయారు, అయినా తాగేశాను” అంది.

ఇక చిట్టి చదువు. సింగపూర్ బళ్ళలో ఇంగ్లీషుతోపాటు మాతృభాష కూడా నేర్పుతారు. మనవాళ్ళకి తమిళం ఉంది. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తీసుకోవచ్చు. తెలుగు మాత్రం ఆ జాబితాలో లేదు! మా పిల్ల వెళ్ళే ప్లేస్కూల్లో ఇంగ్లీషు అంకెలు, చైనా అంకెలు నేర్పారు. తెలుగు అంకెలు నేర్పింది ఎవరనుకున్నారు? రజనీకాంత్! అవునండీ. రోజూ సాయంత్రం నాన్న ఫోన్ ముందు కూర్చుని వేరుశనగ గింజ ఎగరేసి నోటితో పట్టేవాడు. చిట్టి ఇక్కణ్ణుంచి “ఒకతి... లెందు...” అని లెక్కపెట్టేది. నాన్న తప్పితే, “వేలు ఇయ్యి!” అని అరిచేది. ఆయన భయపడ్డట్టు నటించి చెయ్యి వెనక్కి దాచుకునేవాడు. ఆ నటనకి అవార్డు ఎవరిస్తారో గానీ, మా పిల్లకి రెండేళ్ళు నిండేసరికి పది దాకా తెలుగులో వచ్చేసింది.

2021 వేసవి గురించి ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు. కాలవగట్టు మీద ఒట్టు పెట్టుకున్న నలుగురిలో ఇద్దరు ఆ మే నెలలోనే వెళ్ళిపోయారు. పదిహేను రోజులు నాన్న ఫోన్ ముందుకి రాలేదు. చిట్టి ఫోన్‌ని చేత్తో కొట్టి, “తాతా, ఒకతి!” అని పిలిచేది. పదహారో రోజున గింజలు తెచ్చుకుని కూర్చున్నాడు.

2022 మార్చి 27న మన దేశం మామూలు విమానాలు మొదలుపెట్టింది. ఏప్రిల్ 1 నుంచి టీకాలు వేయించుకున్నవాళ్ళకి సింగపూర్ గేట్లు తెరిచింది. జూన్‌లో అమ్మా నాన్నా దిగారు. చిట్టి ఏం చేసిందో చెప్పనా? రెండున్నరేళ్ళుగా ఫోన్‌లో రోజూ చూసిన తాతని నిజంగా చూడగానే బేర్‌మని ఏడ్చి నా వెనక దాక్కుంది. ఫోన్‌లో తాతకి కాళ్ళుండవు కదా!

నాన్న మొదట అడిగింది, “సినిమాలో వాళ్ళు దిగింది ఈ ఎయిర్‌పోర్టేనా?” అని. ఛాంగీ విమానాశ్రయం మొదలైంది 1981లో. అంతకుముందు విమానాలన్నీ పాయా లేబర్‌లో దిగేవి, అది ఇప్పుడు మిలిటరీ వాళ్ళ చేతిలో ఉంది అని చెబితే కొంచెం డీలాపడ్డాడు. కానీ అక్కడే జ్యువెల్‌లో నలభై మీటర్ల ఎత్తునుంచి లోపలికి పడే జలపాతం చూసి, “పైకప్పు కారుతోంది, టిక్కెట్టు పెట్టి చూపించొచ్చు” అన్నాడు. టిక్కెట్టు లేదంటే నమ్మలేదు.

మర్నాడు సింహం. 1972లో దాన్ని సింగపూర్ నది కలిసే చోట నిలబెట్టారు. తర్వాత ఎదురుగా వంతెన కట్టేసరికి సముద్రం వైపు నుంచి కనబడకుండా పోయింది. అందుకని 2002లో 120 మీటర్ల దూరం జరిపారు. ఇది విని నాన్న, “సింహానికీ బదిలీ తప్పలేదన్నమాట!” అని నిట్టూర్చాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయనకి ఎన్ని బదిలీలో! సినిమా తీసిన రోజుల్లో ఆ నది నిండా సరుకుల పడవలూ కంపూ ఉండేవి. 1977 నుంచి పదేళ్ళు పట్టింది శుభ్రం చెయ్యడానికి. ఇప్పుడు గట్టంతా హోటళ్ళే. అక్కడ ఒక కొబ్బరిబోండం ధర రూపాయల్లోకి మార్చుకుని అమ్మ దాహం వెయ్యడం లేదంది.

సింహం ముందు ఫోటో తియ్యబోతే నాన్న, “అటూ ఇటూ కాస్త జాగా వదిలి తియ్యమ్మా” అన్నాడు. తీశాను. ఆ ఫోటోయే ఇప్పుడు బీరువా తలుపుకి ఉంది.

అన్నట్టు, 1962లో ఆయన పుట్టినప్పుడు శుభకృత్ నామ సంవత్సరం. అరవై ఏళ్ళు తిరిగి 2022లో అదే శుభకృత్ వచ్చింది. షష్టిపూర్తి సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెల్లో జరిపించాం. ఈసారి మా ఆఫీసు క్యాలెండర్లు నోరు మూసుకున్నాయి, తిథి ప్రకారమే! అమ్మ మధుపర్కాల చీర కట్టుకుని తలొంచుకుని కూర్చుంటే మా మలయ్ ఆవిడ, “పెళ్ళికూతురికి ఇంత సిగ్గేమిటి?” అంది. చైనా బామ్మ ఎర్రకవర్లో సరిగ్గా అరవై డాలర్లు పెట్టిచ్చింది. నాన్న మళ్ళీ తాళి కట్టాడు. చిట్టికి ఏం అర్థమైందో, ముళ్ళు లెక్కపెట్టింది.

ఇంకొక్క ముచ్చట చెప్పకపోతే మీరు ఊరుకోరు. ఆ జూన్ 3నే కమల్‌హాసన్ ‘విక్రమ్’ విడుదలైంది. ఇక్కడ తమిళంలో ఆడుతోంది. చిట్టిని తీసుకెళ్ళే సినిమా కాదు గనక అమ్మ దగ్గర వదిలి, నాన్నా నేనూ వెళ్ళాం. వెనక్కి వాలే కుర్చీ, కింద ఇంగ్లీషు అక్షరాలు. తెర మీద కమల్ మనవణ్ణి గుండెకి అదుముకుని తుపాకులకి ఎదురెళ్తున్నాడు. నాన్న నా చెవిలో, “అప్పుడు ఇద్దరం కుర్రాళ్ళం. ఇప్పుడు ఇద్దరం తాతలం అయ్యాం చూడు” అన్నాడు. పక్క సీటాయన ఉష్ అన్నాడు. నేల క్లాసులో ఎవరూ ఉష్ అనేవారు కారు!

జులైలో బళ్ళు తెరుస్తారని తిరుగు ప్రయాణం. ఛాంగీలో ఇంకా గంట టైముంది. నాన్న జేబులోంచి గింజల పొట్లం తీశాడు. చిట్టి ఎదురుగా నిలబడి లెక్క మొదలెట్టింది. ఏడు... ఎనిమిది... తొమ్మిది... పదోది నోటి దాకా వచ్చి గడ్డానికి తగిలి కింద పడింది. కావాలనే వదిలాడని నా అనుమానం.

“వేలు ఇయ్యి!” అంది చిట్టి.

ఈసారి చెయ్యి వెనక్కి దాచుకోలేదు. చూపుడువేలు చాపాడు. అది గుప్పిట్లో బిగించి పట్టుకుంది. అమ్మ పాస్‌పోర్టులు తీసింది, మా ఆయన ట్రాలీ తోశాడు, లోపలికి వెళ్ళే గేటు వచ్చింది. చిట్టి ఇంకా వదల్లేదు.