థాయిలాండు పదచ్యుత ప్రధాని హక్కు

2006 సెప్టెంబరు 19వ తేదీ రాత్రి, థాయిలాండు ప్రధానమంత్రి శ్రీ థక్సిన్ షినవత్ర ఐక్యరాజ్యసమితి సమావేశములకై న్యూయార్కు నగరమున నుండగా, బాంగ్‌కాక్ వీథులలోనికి టాంకులు దిగినవి. తెల్లవారునప్పటికి రాజ్యాంగము రద్దయినది, మంత్రివర్గము పోయినది, రాజ్యాంగ న్యాయస్థానము సైతము పోయినది. ఒక్క తుపాకియు పేలలేదు. పట్టణవాసులు పలువురు సైనికుల చేతికి పూవులిచ్చి, టాంకుల ప్రక్కన బిడ్డలను నిలువబెట్టి ఛాయాచిత్రములు తీసికొనిరి. ఈశాన్య మండలములలోని పల్లెల వారికి మాత్రము, తాము రెండు మారులు గెలిపించిన ప్రభుత్వమును తమ్మొక్క మాటయైన నడుగక తొలగించిరను దుఃఖము మిగిలినది.

నాటినుండి ఆ దేశమున నిదే తగవు. ఆయనయే న్యాయమైన ప్రధాని, సైన్యము ప్రజల సొత్తు దోచినది అని ఒక పక్షము. ఆయన పదవిని వ్యాపారము చేసికొన్నవాడు, డబ్బు వెదజల్లి వోట్లు కొన్నవాడు, తొలగించుట న్యాయమే అని రెండవ పక్షము. మన పెద్దలు సయామని పిలిచిన దేశపు తగవు మన సంఘ పత్రిక కేల యని కొందరు సభ్యు లడుగవచ్చును. సంఖ్యాబలము, వోటు, న్యాయస్థానము అను మూటి నడుమ నొదిగి బ్రదుకు చిన్న సమాజములకు ఇట్టి తగవులు దూరపు కథలు కావు. కావున నీ వారము దీనినే యెత్తుకొనుచున్నాము.

వర్తకులము గనుక ముందు జమ, పిదప ఖర్చు చూతము.

శ్రీ థక్సిన్ చియాంగ్‌మై ప్రాంతమున పట్టు వ్యాపారము చేయు కుటుంబమున 1949లో జన్మించెను. పోలీసు ఉద్యోగములో నుండగనే కంప్యూటర్ల వ్యాపారము మొదలిడి, పిదప సెల్ ఫోనులు, ఉపగ్రహములవరకు దానిని పెంచి అపార ధనవంతుడయ్యెను. 1998లో థాయ్ రక్ థాయ్ అను పార్టీని స్థాపించెను. 2001 జనవరి ఎన్నికలలో 500 స్థానములకు 248 గెలిచెను. నాలుగేండ్ల గడువును పూర్తిగా నిండించుకొన్న ఎన్నికైన ప్రధాని ఆ దేశమున ఆయనయే మొదటివాడు. 2005 ఫిబ్రవరిలో మరల ఎన్నికలు జరుగగా 375 స్థానములు వచ్చినవి. 1932లో రాజుల నిరంకుశాధికారము ముగిసినది మొదలు అంతవరకు అట్టి గెలుపు మరియెవ్వరికిని దక్కలేదు.

ఈ గెలుపులకు డబ్బు పంపకమొకటే కారణమనుట పల్లెల నెరుగనివారి మాట. ఆస్పత్రికి పోయిన మారు 30 భాట్ చెల్లించిన చాలు, వైద్యము ప్రభుత్వమే చేయించునను పథకము ఆయన కాలమున వచ్చినది. ఒక్కొక్క గ్రామమునకు 10 లక్షల భాట్ చొప్పున ఋణనిధి యేర్పడినది. రైతుల అప్పుల వసూలు మూడేండ్లు నిలుపబడినది. ఒక జబ్బుతో పొలము తాకట్టున పడు కుటుంబమునకు ఇవి యెంత విలువైనవో వడ్డీ లెక్క తెలిసిన వారందరికిని తెలియును. ఈశాన్యమున, ఇసాన్ అని పిలువబడు ప్రాంతమున, జనుల మాట లావో భాషకు దగ్గరిది. రాజధానిలో వారు టాక్సీలు నడుపువారు, ఇండ్లలో పనిచేయువారు. వారి యాసను పట్టణవాసులు నవ్వులాటగ నెంచుట పాత అలవాటు. ఇంట నొక భాష, కచేరీలో నొక భాష మాటలాడు మనబోటివారికి ఆ చిన్నచూపును వేరుగ వివరింప నక్కరలేదు. మొదటి మారు తమ వోటుకు ప్రతిఫలము చేతికందుట చూచిన ఆ జనులు ఆయనను విడువకుండుట వింత కాదు.

ఇక ఖర్చు వైపు. ప్రధాని కాకమునుపే ఆయన తన వాటాలను పనిమనిషి, కారు డ్రైవరు మొదలగు వారి పేర పెట్టి లెక్కలలో చూపలేదని కేసు వచ్చినది. 2001 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానమున 8 మంది అనుకూలముగను 7 గురు ప్రతికూలముగను తీర్పు చెప్పుటచే ఒక్క వోటుతో బయటపడెను. అది తెలియక జరిగిన పొరపాటని ఆయన సమాధానము. అంత పెద్ద వ్యాపారికి అంత పెద్ద పొరపాటా యని ఎంతటి అభిమానియైనను ఒక క్షణమాలోచింపక తప్పదు.

2006 జనవరి 23న ఆయన కుటుంబము షిన్ కార్పొరేషన్‌లోని తమ వాటాలను సింగపూరు ప్రభుత్వ సంస్థయగు టెమాసెక్‌కు సుమారు 7,300 కోట్ల భాట్‌కు అమ్మినది. టెలిఫోను కంపెనీలలో విదేశీయుల వాటా పరిమితిని నూటికి 25 నుండి 49కి పెంచిన చట్టము అమలులోనికి వచ్చి రెండు మూడు దినములైనను కాలేదు. విదేశపు కాగితపు కంపెనీ యొకటి వాటా ఒక్కింటికి 1 భాట్ చొప్పున ఆయన బిడ్డలకు అమ్మినది. వారు వెంటనే వాటిని 49.25 భాట్‌కు అమ్మిరి. పన్ను లేదు. చట్టములో చెల్లింపవలెనని లేదు గనుక చెల్లింపలేదని జవాబు. వర్తకునిగా చూచిన నది తెలివి. ప్రధానిగా చూచిన నది సిగ్గుమాలిన పని. తన దుకాణమునకు వలయు తూకపురాళ్లను తానే చెక్కుకొను అధికారియొద్ద ప్రజ లేమి సరుకు కొందురు?

ఇంతకంటె ఘోరమైన పద్దులు రెండు కలవు. 2003లో మత్తుమందులపై యుద్ధమను పేర కొద్ది నెలలలో రెండు వేలకు పైగా మనుష్యులు విచారణ లేక హతులైరి. 2004 అక్టోబరు 25న దక్షిణమున నరాథివాత్ మండలములోని తాక్ బాయి గ్రామమున, పోలీసు ఠాణా యెదుట గుమిగూడిన మలయా భాషీయులైన ముస్లిములపై కాల్పులు జరిగినవి. పట్టుబడిన వారిని చేతులు వెనుకకు కట్టి, సైన్యపు లారీలలో ఒకరిమీద నొకరిని బస్తాలవలె పేర్చి, గంటల తరబడి తరలించిరి. దారిలోనే 78 మంది ఊపిరాడక చనిపోయిరి. మొత్తము మృతులు 85. వారు రంజాను ఉపవాసములచే నీరసించి చనిపోయిరని ప్రధాని పలికెను. ఆ మాటను మేము క్షమింపలేము.

ఇట్టివానిని సైన్యము తొలగించుటలో తప్పేమి యని అడుగువారికి మా జవాబిది. యజమాని నియమించిన గుమాస్తా గల్లాపెట్టెలో చేయి పెట్టినాడని అనుమానము కలిగినది. లెక్క లడుగుటకు, తీసివేయుటకు అధికారము యజమానిది. తగవు ముదిరిన కోర్టుది. కాని కావలికై పెట్టుకొన్న జవాను తుపాకితో లోనికి వచ్చి, గుమాస్తాను తరిమి, తానే పెట్టె ముందు కూర్చుండి, "నీకు మనుష్యుల నెన్నుకొను తెలివి లేదు" అని యజమానినే గద్దించినచో, గుమాస్తా దొంగయే యైనను జవాను దొర కానేరడు. ఆనాడు శ్రీ థక్సిన్ ఆపద్ధర్మ ప్రధాని మాత్రమే, 2006 ఏప్రిలు ఎన్నిక కోర్టుచే రద్దయినది గనుక ఆయనకు ప్రజాదేశమే లేదు అను వాదము కొంత బలమైనది. అయినచో, కొన్ని వారములలో మరల ఎన్నికలు జరుగవలసియుండెను గదా! యజమాని లెక్కలు చూచుటకు బయలుదేరిన వేళనే తలుపులు మూయబడినవి.

తరువాతి కథ అదే సంగతిని మరల మరల చెప్పుచున్నది. 2007 మేలో థాయ్ రక్ థాయ్ పార్టీ రద్దయినది. 111 మంది నాయకులకు అయిదేండ్ల నిషేధము. అదే సంవత్సరము డిసెంబరులో, సైన్యము నియమించిన ప్రభుత్వమే ఎన్నికలు జరుపగా, ఆయన మిత్రుల పార్టీ 480 స్థానములకు 233 గెలిచినది. ప్రధాని శ్రీ సమక్ సుందరవేజ్ టెలివిజనులో వంట కార్యక్రమము చేసి పారితోషికము పుచ్చుకొనెనని 2008 సెప్టెంబరులో న్యాయస్థానము పదవి నూడబెరికినది. ఆయన తరువాత వచ్చిన ప్రధాని, శ్రీ థక్సిన్ బావమరది, డిసెంబరులో పార్టీ రద్దుతోపాటు పోయెను. 2010లో ఎన్నికలు కోరుచు బాంగ్‌కాక్ వీథులలో కూర్చున్న ఎఱ్ఱచొక్కాల వారిపై సైన్యము దిగినది. ఆ రెండు నెలల సంక్షోభములో 90 మందికి పైగా చనిపోయిరి. 2011లో ఆయన చెల్లెలు శ్రీమతి యింగ్‌లక్ 500కు 265 గెలిచెను. 2014 మేలో మొదట కోర్టు ఆమెను, పదిహేను దినములకు సైన్యము ఆమె ప్రభుత్వమును తొలగించినవి.

వోట్లు కొన్నారనునది నిజమే యనుకొందము. 2006 తరువాత అధికారము, ఖజానా, రేడియో, టెలివిజను ప్రత్యర్థుల చేతిలోనే యుండెను గదా. అయినను జనులు అటే వోటు వేసిరి. పసుపుచొక్కాల ఉద్యమకారులు 2008లో పార్లమెంటున నూటికి 70 మంది నియమితులు, 30 మంది మాత్రమే ఎన్నికైనవారు ఉండవలెనని ప్రతిపాదించిరి. వారి అసలు ఫిర్యాదు శ్రీ థక్సిన్ మీద కాదు, ఇసాన్ రైతు చేతిలోని వోటు మీద నని దీనితో తేటపడినది. చదువులేనివాని వోటునకు విలువ తక్కువ యని నేడు ఒప్పుకొన్నచో, రేపు భాష వేరైనవాని వోటు వంతు వచ్చును.

కాని అంగడి తన సొంతమని గుమాస్తాయు అనరాదు. 2013 నవంబరు 1న తెల్లవారుజామున ఆయన పార్టీ వారు దిగువ సభలో క్షమాభిక్ష బిల్లు నొకటి నెగ్గించుకొనిరి. అది శ్రీ థక్సిన్‌ను శిక్షలనుండి విడిపించుటతోపాటు, 2010లో ఆయన అనుచరులను కాల్చుటకు ఆజ్ఞలిచ్చిన వారిని సైతము విడిపించునట్టిది. చచ్చినవారి తల్లిదండ్రు లెవరు దీనికి సమ్మతించిరి? సెనేటు తిరస్కరించుటచే ఆ బిల్లు పోయినది గాని, బేరము మాత్రము బయటపడినది.

2023లో ఆ బేరము కుదిరినది. మే 14 ఎన్నికలలో 151 స్థానములతో మూవ్ ఫార్వర్డ్ పార్టీ మొదట నిలువగా, శ్రీ థక్సిన్ కుటుంబపు ఫ్యూ థాయ్ పార్టీ 141తో రెండవదైనది. సైనిక ప్రభుత్వము నియమించిన 250 మంది సెనేటర్లలో అధికులు మద్దతియ్యక మూవ్ ఫార్వర్డ్ నాయకుని ప్రధాని కానీయలేదు. అప్పుడు ఫ్యూ థాయ్ వారు, తమ్ము రెండు మారులు తరిమిన సేనానుల పార్టీలతోనే చేతులు కలిపిరి. ఆగస్టు 22న శ్రీ థక్సిన్ పదునైదేండ్ల ప్రవాసము చాలించి విమానము దిగెను. ఆ సాయంకాలమే వారి పార్టీకి ప్రధాని పదవి దక్కినది. ఎనిమిదేండ్ల శిక్షను రాజు ఒక యేటికి తగ్గించెను. ఆ కాలమును ఆయన పోలీసు ఆస్పత్రిలో గడిపి, 2024 ఫిబ్రవరిలో పెరోలుపై విడుదలయ్యెను. పదునేడేండ్లు "వోటే ప్రమాణము" అని చెప్పినవారు, వోటులో తమకంటె ముందున్న వారిని ద్రోయుటకు టాంకులవారి భుజమును ఆశ్రయించిరి. శ్రీ థక్సిన్ వద్ద 2006 నాటి ఫిర్యాదు ఏమైనను మిగిలియున్నచో, ఆనాటితో దానికి చెల్లుచీటి వ్రాసికొన్నట్లే. ఆయనకు వోటు వేసినవారి ఫిర్యాదు మాత్రము చెల్లలేదు. దానిని అమ్ముటకు ఆయనకు హక్కు లేదు.

ఆ బేరమైనను నిలువలేదు. 2024 ఆగస్టులో ప్రధాని శ్రీ స్రెత్తాను, 2025 ఆగస్టులో ఆయన తరువాత వచ్చిన శ్రీ థక్సిన్ కుమార్తె కుమారి కాదు, గృహిణియైన శ్రీమతి పేతోంగ్‌తార్న్‌ను అదే రాజ్యాంగ న్యాయస్థానము తొలగించినది. 2025 సెప్టెంబరు 9న, ఆస్పత్రి వాసము శిక్ష క్రింద లెక్కకు రాదనియు, శ్రీ థక్సిన్ ఒక యేడు కారాగారమున నుండవలెననియు సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది.

ఇన్ని తీర్పులలో ఆయన వాటాలు, భార్య కొన్న స్థలము, లాటరీ, ఋణములు అన్నియు విచారణకు వచ్చినవి. 2010లో ఒక్క తీర్పుతోనే 4,637 కోట్ల భాట్ జప్తు చేసిరి. తాక్ బాయి మాత్రము రాలేదు. ఆ లారీలు సైన్యపువి గదా! సైన్యము నియమించిన ప్రధాని జనరల్ సురయుద్ 2006 నవంబరులో దక్షిణమునకు పోయి క్షమాపణ చెప్పెను గాని, ఒక్కరినైనను బోను ఎక్కింపలేదు. తుదకు మృతుల కుటుంబములే దావా వేయగా, 2024 ఆగస్టులో నరాథివాత్ న్యాయస్థానము ఏడుగురు మాజీ అధికారులపై దానిని స్వీకరించినది. వారిలో ఒక మాజీ సేనాని ఆ అక్టోబరులో రాజీనామా ఇచ్చువరకు ఫ్యూ థాయ్ పార్టీ పార్లమెంటు సభ్యుడు. ఏడుగురిలో ఒక్కరును కోర్టుకు రాలేదు. 2024 అక్టోబరు 25తో ఇరువదేండ్ల గడువు తీరి, దావాకు కాలదోషము పట్టినది. ఆ దినమున ప్రధాని పీఠమున నున్నది శ్రీ థక్సిన్ కుమార్తెయే.