ఒకే ఇంటికి రెండు కిరాయిలా?

పదకొండు నెలలకని కిరాయినామా రాసుకుని అయిదో నెలలోనే ఖాళీ చేస్తానంటే ఇంటి యజమానికి కోపం రావడం సహజమే. కిరాయి డబ్బుతోనే బతుకు వెళ్ళదీసే వృద్ధులు, వితంతువులు మన మొహల్లాలలో ఎందరో ఉన్నారు. ఒడంబడికలను నెరవేర్చమని దివ్య ఖుర్ఆన్‌లో సూరా మాయిదా మొదటి ఆయతే ఆదేశిస్తోంది. అది కిరాయిదారుకూ వర్తిస్తుంది.

అయితే ఆ కోపంతో అడ్వాన్సు మొత్తం మింగేయడం న్యాయమా? ఇల్లు ఇరవై రోజులు ఖాళీగా ఉంటే నష్టం ఇరవై రోజులదే. కొత్తవారు దిగిన తర్వాత కూడా ఆ రోజులకు పాతవారి అడ్వాన్సులో కోత పెట్టడమంటే ఒకే ఇంటికి రెండు కిరాయిలు తీసుకోవడమే. ఫిఖహ్ ప్రకారం ఇజారా అంటే ఇంటి వాడకాన్ని అమ్మడం. ఒకే సరుకును ఇద్దరికి అమ్మి ఇద్దరి వద్దా ధర పుచ్చుకునేవాణ్ణి ఏమనాలి?

1872 నాటి కాంట్రాక్టు చట్టం చెప్పేదీ ఇదే. 73వ సెక్షన్ కింద జరిగిన నష్టానికే పరిహారం. ఆ నష్టాన్ని తగ్గించుకునే మార్గం ఉందా అన్నదీ చూస్తారు. కనుక కిరాయిదారు చెప్పిన రోజే టులెట్ బోర్డు కట్టాలి.

వెళ్ళే కారణమూ చూడాలి. సరైన ఉజ్ర్ ఉంటే ఇజారాను రద్దు చేసుకోవచ్చని హనఫీ ఫిఖహ్ అంటుంది. ఇతర మజ్హబ్‌లు ఇంత వెసులుబాటు ఇవ్వవు. వ్యాపారానికని దుకాణం తీసుకున్నవాడి సొమ్మంతా పోయిన సందర్భాన్ని మదర్సాలలో చదివే ఖుదూరీ ఉదాహరణగా చూపుతుంది. ఉద్యోగం పోయినవాడు వేరు, పక్క వీధిలో అయిదు వందలు తక్కువకు దొరికిందని వెళ్ళేవాడు వేరు. రెండోవాణ్ణి నోటీసు నెల కిరాయి అడగడంలో తప్పులేదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. చాలా ఇళ్ళలో అడ్వాన్సు ఎప్పుడో కూతురి పెళ్ళికో, పై అంతస్తు స్లాబుకో ఖర్చయిపోయి ఉంటుంది. తిరిగి ఇవ్వలేక గోడకు మేకు కొట్టారని, రంగు పోయిందని సాకులు వెతుకుతారు. వాడుకున్న ఆ సొమ్ము సంపాదన కాదు, తీర్చవలసిన అప్పు. అప్పును రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని సూరా బఖరా చెబుతోంది. తాళంచెవి తీసుకునే రోజునే కరెంటు బిల్లు, ఖాళీ రోజులు లెక్కగట్టి మిగతాది చేతిలో పెట్టండి. వెంటనే ఇవ్వలేకపోతే ఇచ్చే తేదీ కాగితం మీద రాసి, ఇద్దరి చేత సాక్షి సంతకాలు చేయించి ఇవ్వండి.