బాస్కెట్‌బాల్ పందెం: లెక్క ఎవరిది?

బండి ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల్లో క్రికెట్ ఆడని కుర్రాడు ఉండడు. బాస్కెట్‌బాల్ ఆడేవాడు మాత్రం ఎక్కడో గాని కనబడడు. అయినా ఆ ఆట మీద పందెం కాయడానికి ఆట ఆడనక్కరలేదు, చూడను కూడా అక్కరలేదు. ఐ.పి.ఎల్. లేని నెలల్లో బెట్టింగ్ యాప్ ఖాళీగా కూర్చోదు కదా! అమెరికాలో ఎన్.బి.ఏ. పోటీ రాత్రి 7 గంటలకు మొదలైతే, చలికాలంలో మనకది తెల్లవారుజామున 5.30. ఫజ్ర్ నమాజు వేళ.

ఇంట్లో పెద్దలు ఇది హరామ్ అంటారు. "ఇది అదృష్టం కాదు, తెలివి. ఆట తెలిసినవాడు గెలుస్తాడు" అని పిల్లవాడు జవాబిస్తాడు. ఈ వాదన పాతదే. 1968లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా పరిగణించింది. ఆ మాటను నేటికీ చెప్పుకుంటారు. అయితే ఆటమీద నిర్వాహకుడు లాభం గుంజుతుంటే సంగతి వేరని అదే తీర్పులో ఉన్నది. దాన్ని ఎవరూ చెప్పరు. పైగా రమ్మీలో ముక్కలు మన చేతిలో ఉంటాయి. ఫోనులో పందెం కాసేవాడి చేతికి బంతి రాదు.

సరే, తెలివి సంగతే చూద్దాం. బాస్కెట్‌బాల్‌లో బలమైన జట్టు గెలుస్తుందని అందరికీ తెలుసు. అందుకే బుకీ ఎవరు గెలుస్తారని మాత్రమే అడగడు, ఎంత తేడాతో అని అడుగుతాడు. బలమైన జట్టుకు అయిదున్నర పాయింట్ల తేడా పెట్టాడనుకోండి. ఆ జట్టు ఆరు లేదా అంతకుమించిన తేడాతో గెలిస్తేనే మన పందెం గెలిచినట్టు. అయిదుతో గెలిస్తే జట్టుకు విజయం, మనకు నష్టం. రెండు జట్లూ కలిసి చేసే మొత్తం పాయింట్ల మీద కూడా ఇలాగే ఒక అంకె పెడతారు. ఆటగాళ్ల గాయాలు, ప్రయాణాల అలసట, సొంత మైదానం, ఇలా మనకు తెలిసిన ప్రతి విషయమూ ఆ అంకెలో ముందే కలిసి ఉంటుంది. డబ్బు ఒకవైపు ఎక్కువగా పడితే అంకె జరుగుతుంది. కనుక మన తెలివికి మిగిలేది దాదాపు బొమ్మా బొరుసే.

దాని మీద బుకీ కూలి ఒకటి. అమెరికాలో వాడుక ప్రకారం 100 గెలవడానికి 110 కాయాలి. ఇద్దరు చెరోవైపు కాస్తే 220 చేరుతుంది, గెలిచినవాడికి 210 వెళ్తుంది, పది బుకీ దగ్గర ఉండిపోతుంది. ఇప్పుడు ఒక్కడే వందసార్లు కాశాడనుకుందాం. పెట్టింది 11,000. యాభైసార్లు గెలిస్తే చేతికొచ్చేది 10,500. యాభై రెండుసార్లు గెలిచినా 10,920, అంటే ఇంకా 80 నష్టమే. యాభై మూడోసారి గెలిస్తే గాని లాభం ముఖం చూడడు. ఆ స్థాయిలో ఏళ్ల తరబడి నిలిచేవారు బహు కొద్దిమంది. అలాంటివారు దొరికితే వారి పందేలకు పరిమితులు పెట్టడం బుకీలకు అలవాటే.

ఆట నిజాయితీగా జరిగితేనే ఈ లెక్క. 2007లో ఎన్.బి.ఏ. రిఫరీ టిమ్ డొనాగీ పందేల కేసులో నేరం ఒప్పుకున్నాడు, మరుసటి ఏడాది 15 నెలల జైలుశిక్ష పడింది. 2024లో టొరంటో ఆటగాడు జోంటే పోర్టర్‌ను జీవితకాలం నిషేధించారు. అతడు అస్వస్థత పేరుతో ఆట మధ్యలో తప్పుకున్నాడు, అతడు తక్కువ పాయింట్లు చేస్తాడని కాసినవారికి ఆ సంగతి ముందే తెలుసు. అటువంటి ఆటలో ఎదుటివైపు కాసినవాడి 'తెలివి' ఏ పనికొస్తుంది?

దివ్య ఖుర్ఆన్ 'మైసిర్' అన్నది కూడా గమనించదగినదే. అజ్ఞాన కాలపు అరబ్బులు ఒంటెను కోసి, బాణాలతో చీట్లు తీసి మాంసం వాటాలు తేల్చుకునేవారు. గెలిచిన మాంసం పేదలకు పంచేవారని వ్యాఖ్యాతలు రాశారు. అందులో కొంత ప్రయోజనం ఉన్నదన్న మాటను ఖుర్ఆన్ (2:219) దాచలేదు, నష్టమే పెద్దదన్నది. మరొకచోట (5:91) ఆ నష్టాలను చెబుతూ మనుషుల మధ్య పగనూ, నమాజుకు దూరమవడాన్నీ పేర్కొన్నది. నేటి యాప్‌లో పేదలకు మాంసం కూడా లేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంలో డబ్బు ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అయినా విదేశాల నుంచి నడిచే యాప్‌లు పేరు మార్చుకుని వస్తూనే ఉన్నాయి. వాటిలో గెలిచిన డబ్బు రాకపోతే అడగడానికి దుకాణం ఉండదు, మనిషి ఉండడు.

కె.సి. కాలువ కింద వరి వేసే ఇంట్లో ధాన్యం అమ్మిన డబ్బు ఇప్పుడు తండ్రి ఖాతాలోకి వస్తుంది, ఆ ఖాతా మాత్రం కొడుకు ఫోనులో తెరుచుకుంటుంది. పోయిన అయిదువందలను రాబట్టడానికి వెయ్యి, వెయ్యికోసం వడ్డీ అప్పు! వడ్డీ హరామ్ అని ఎరిగిన కుటుంబంలోనే ఇది జరుగుతుంది. అందరి ముందూ తిడితే పిల్లవాడు అప్పును మరింత లోతుగా దాస్తాడు. తండ్రో, మేనమామో పక్కన కూర్చోబెట్టుకుని బ్యాంకు స్టేట్‌మెంటు తీయించాలి. యాప్‌కు వెళ్లిన మొత్తం ఒక వరుసలో, తిరిగి వచ్చింది మరో వరుసలో వాడిచేతే రాయించాలి. మోసపోయినట్టు తేలితే 1930కు ఫోన్ చేయాలి, ఆలస్యమైన కొద్దీ డబ్బు దొరకడం కష్టం.