పరాయి కొండల్లో స్టీరింగు ఎవరి చేతిలో?

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, మన ఆష్‌బర్న్‌లో నలుగురు తెలుగువాళ్ళు కలిసిన చోట మాట విమానం టిక్కెట్ల మీదికి పోతుంది. ఇండియా వెళ్తూ దారిలో థాయ్‌లాండ్‌లోనో వియత్నాంలోనో నాలుగు రోజులు ఆగుదామనుకునే కుటుంబాలూ మనలో ఉన్నాయి. అక్కడ కారు అద్దెకు తీసుకుని మనమే నడుపుకుంటే పోలేదా అని కొందరు అడుగుతుంటారు. కొండదారుల్లో మాత్రం వద్దనే మా అభిప్రాయం. ఎందుకో చెబుతాం.

ఆ పని మేమూ ఒకసారి చేశాం. ఉత్తర థాయ్‌లాండ్‌లో చియాంగ్ మాయ్ నుంచి పాయ్ అనే కొండ ఊరికి వెళ్ళే దారి 762 మలుపులకు పేరు పొందింది. స్కైలైన్ డ్రైవ్ మీద ఎన్నిసార్లు తిరగలేదు, ఇదెంత అనుకున్నాం. కానీ స్కైలైన్ డ్రైవ్ పార్కు రోడ్డు, గంటకు 35 మైళ్ళు దాటకూడదు, పైగా మన అలవాటు ప్రకారం కుడివైపే వెళ్తాం. థాయ్‌లాండ్‌లో ఇండియాలోలాగా ఎడమవైపు నడపాలి.

దారిలో టీ తాగి మళ్ళీ రోడ్డెక్కేటప్పుడు చేతులు వాటంతటవే కారును కుడివైపుకు తిప్పేశాయి. వెనక సీట్లోంచి మా అమ్మాయి "నాన్నా, ఎడమ! ఎడమ!" అని అరిచింది. పక్కకు తీసిన కాసేపటికే మలుపులోంచి ఒక వ్యాను వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పాయ్ చేరేదాకా కారులో ఎవరమూ నోరు విప్పలేదు. మర్నాడు మెల్లగా వెనక్కి వచ్చి కారు అప్పగించేశాం. మిగతా రోజులకు డ్రైవరుతో సహా వ్యాను మాట్లాడుకున్నాం.

"మనం ఇండియాలో పుట్టినవాళ్ళమే కదా, ఎడమవైపు మనకు కొత్తా?" అని అడగవచ్చు. మనలో చాలామంది కారు నేర్చుకున్నది అమెరికా వచ్చాకే. ఊళ్ళో స్కూటరు నడిపిన రోజులు మనసుకు గుర్తుంటాయి గాని, చేతులకు గుర్తుండవు. తిరుమల, అరకు ఘాట్లలో బ్రేకులు వేడెక్కకుండా తక్కువ గేరులో బండి దించే డ్రైవర్లను చూశాం. చూడటం వేరు, చేయడం వేరు.

చట్టం మాట కూడా ఉంది. అమెరికా లైసెన్సుతో పాటు ట్రిపుల్ ఏ వారు ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. అది ఏడాది పాటు చెల్లుతుంది. థాయ్‌లాండ్‌లో పనికొస్తుంది. వియత్నాంలో పనికిరాదు. అమెరికా పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చేది, వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన వాటిని. ఇంకొక సంగతి: మన లైసెన్సు కారుకే అయితే ఆ పర్మిట్ మోటారు సైకిలుకు చెల్లదు. చెల్లని కాగితంతో నడిపి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు చేతులెత్తేయవచ్చు. పోనీ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా, అవి మనకు ఆ దారి నేర్పవు.

అయినా నడపాలనుకునేవారికి మా మనవి: విమానం దిగిన రోజున వద్దు. చీకటి పడ్డాక వద్దు. ముందు చదునైన ఊరి రోడ్ల మీద అలవాటు చేసుకోండి. పక్క సీట్లో ఒక పెద్దవారు నిద్రపోకుండా కూర్చోవాలి. ఆగి బయలుదేరిన ప్రతిసారీ "ఎడమ" అని పైకి అనుకోండి. మేము తప్పింది అక్కడే.

డ్రైవరును పెట్టుకుంటే ఖర్చవుతుంది, నిజమే. ఆ డబ్బు ఆ కొండలు తెలిసిన ఒక మనిషి ఇంటికి చేరుతుంది. మనం నలుగురం కిటికీలోంచి కొండలు చూడవచ్చు.

పిల్లలూ, మీకొక మాట. "ఈ దారి నాకు తెలియదు" అని చెప్పడం పిరికితనం కాదు. అమ్మానాన్నలు తప్పువైపుకు తిరిగితే సందేహించకుండా అరవండి, ఏ భాషలోనైనా సరే. మా అమ్మాయికి ఆ క్షణాన నోటికొచ్చింది ఇక్కడి తెలుగు బడిలో నేర్చుకున్న మాట. అది మాకు చాలు.