టికెట్ ఢిల్లీలో.. ఓటు బీదర్‌లో

రాజకీయాల్లో కాళ్లమీద పడటం కొత్తేమీ కాదు. టికెట్ ఇప్పించమని పడతారు, పదవి ఇప్పించమని పడతారు. 2024 లోక్‌సభ ఎన్నికల ముందు ఔరాద్ ఎమ్మెల్యే ప్రభు చవాన్ బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు విజయేంద్ర కాళ్లమీద పడింది మాత్రం వేరొకరికి టికెట్ ఇవ్వొద్దని! ఆ వేరొకరు పరాయి పార్టీ మనిషి కూడా కాదు. సొంత పార్టీ ఎంపీ, అప్పటి కేంద్ర సహాయ మంత్రి భగవంత్ ఖూబా. ఈ ముచ్చటంతా జరిగింది నాలుగు గోడల మధ్య కాదు, కార్యకర్తలంతా చూస్తుండగానే. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

అయినా అధిష్ఠానం వినలేదు. మార్చి 13న వెలువడిన జాబితాలో ఖూబా పేరే ఉంది. ఫలితం జూన్ 4న తేలిపోయింది. 2019లో ఈశ్వర్ ఖండ్రేపై 1,16,834 ఓట్ల ఆధిక్యంతో గెలిచిన ఖూబా, ఐదేళ్ల తర్వాత ఆయన కొడుకు, 26 ఏళ్ల సాగర్ ఖండ్రే చేతిలో 1,28,875 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అంతకు ఏడాది ముందే జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో బీదర్ జిల్లాలోని ఆరు స్థానాల్లో నాలుగు గెలిచిన పార్టీ ఇది. ఔరాద్, హుమ్నాబాద్, బసవకల్యాణ్, బీదర్ దక్షిణ.. నాలుగు చోట్లా ఎమ్మెల్యేలు ఉన్నారు, కార్యకర్తలు ఉన్నారు, జెండాలు ఉన్నాయి. ఓట్లే లేవు. ఓటమి తర్వాత ఖూబా సొంత పార్టీ ఎమ్మెల్యేల మీదే బహిరంగంగా నింద వేశారు.

అయితే తప్పంతా ఎమ్మెల్యేల అలకదేనా? లెక్క చూస్తే అలా కనపడదు. 2019లో బీజేపీకి 5,85,471 ఓట్లు వచ్చాయి. 2024లో 5,37,442. అంటే తగ్గింది 48 వేల పైచిలుకు. అదే కాంగ్రెస్‌కు పెరిగినవి లక్షా 97 వేలు! ఇన్ని ఓట్లు ఒక్క ఎమ్మెల్యే మూతి ముడుచుకుంటే రావు. నెలనెలా ఇంటి యజమానురాలి ఖాతాలో పడే రెండు వేలు, ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం పనిచేశాయి. జిల్లా మంత్రి కొడుకే అభ్యర్థి కావడమూ పనిచేసింది. పార్టీ వదిలి వెళ్లినవాళ్లు ఎంతమందో, ఇంట్లోనే కూర్చున్నవాళ్లు ఎంతమందో ఏ ఈవీఎం చెప్పదు. కానీ పోయిన ఓట్లలో కొన్నయినా, కాస్త నమ్మకం మిగిలి ఉంటే నిలబెట్టుకోగలిగినవేనని ఆ పార్టీ వాళ్లే టీ కొట్ల దగ్గర మాట్లాడుకుంటే కాదనేవారు ఎవరు?

అసలు కథ తెలియాలంటే ఇంకో ఏడాది వెనక్కి, బీదర్ పట్నం సీటు దగ్గరికి వెళ్లాలి. 2018లో అక్కడ బీజేపీ తరఫున సూర్యకాంత్ నాగమారపల్లి పోటీ చేసి కాంగ్రెస్ అభ్యర్థి రహీం ఖాన్ చేతిలో ఓడారు. 63,025 ఓట్లు తెచ్చుకున్నారు. 2023లో పార్టీ ఆయనను పక్కన పెట్టి ఈశ్వర్ సింగ్ ఠాకూర్‌కు బీ-ఫారం ఇచ్చింది. సూర్యకాంత్ జేడీఎస్‌లో చేరి పోటీ చేశారు. గుర్తు మారింది, జెండా రంగు మారింది. ఆయన ఓట్లు మాత్రం 58,385. అంటే నాలుగున్నర వేలు తగ్గాయంతే. బీజేపీ మూడో స్థానానికి జారింది. రహీం ఖాన్ 10,780 ఓట్లతో మళ్లీ గెలిచారు. పాత ఓటరు పార్టీని వదిలాడా, పార్టీయే ఓటరును వదిలిందా అన్న ప్రశ్నకు ఈ సీటు ఒక్కటి చాలు.

ఇలా ఎందుకైంది? బీదర్‌లో పార్టీ ఆఫీసుకంటే సహకార సంఘం ఆఫీసు పెద్దది. సూర్యకాంత్ తండ్రి గురుపాదప్ప నాగమారపల్లి డీసీసీ బ్యాంకును నడిపిన మనిషి. ఆడవాళ్ల స్వయం సహాయక సంఘాలకు ఆ బ్యాంకు ఇచ్చిన అప్పుల గురించి దేశమంతా చెప్పుకున్నారు. ఊరి సొసైటీ నుంచి పంట అప్పు, ఫ్యాక్టరీ నుంచి చెరకు బిల్లు, సంఘం ఆడబిడ్డలకు బ్యాంకు అప్పు.. ఇవన్నీ ఎవరి చేతి మీదుగా వస్తాయో రైతుకు తెలుసు. ఆయన 2008లో కాంగ్రెస్ తరఫున గెలిచారు. 2009లో బీజేపీ అభ్యర్థిగా లోక్‌సభకు పోటీ చేసి ధరమ్ సింగ్ చేతిలో ఓడారు. 2013లో యడియూరప్ప పెట్టిన కేజేపీ గుర్తు మీద మళ్లీ ఎమ్మెల్యే అయ్యారు. ఆయన 2015లో కన్నుమూసే నాటికి కేజేపీ కూడా బీజేపీలో కలిసిపోయింది. కొడుకు కాలానికి నాలుగో జెండా వచ్చింది. ఇన్ని జెండాలు మారినా వెంట వచ్చిన ఓటరును 'పార్టీ ఓటరు' అనుకోవడం బెంగళూరులో కూర్చున్నవారి భ్రమ. భాల్కిలో ఖండ్రేల విషయమూ ఇంతే. భీమన్న ఖండ్రే నుంచి మనవడు సాగర్ దాకా ఇల్లు ఒకటే, ఓటరూ వాడే.

ఆ మాట నిజమే గానీ ప్రతిచోటా అలకకు ఓట్లు రాలవు. బసవకల్యాణ్‌నే చూడండి. 2021 ఉప ఎన్నికలో బీజేపీ శరణు సలగర్‌కు టికెట్ ఇస్తే 'బయటివాడు' అని స్థానిక నాయకులు గొడవ పెట్టారు. మాజీ ఎమ్మెల్యే మల్లికార్జున ఖూబా తిరుగుబాటు అభ్యర్థిగా నిలబడ్డారు కూడా. అయినా సలగర్ 20 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. అప్పుడు రాష్ట్రంలో ప్రభుత్వం వాళ్లదే, అదీ ఉప ఎన్నిక. అధికారంలో ఉన్నప్పుడు అసంతృప్తి నోరు మూసుకుంటుంది. కుర్చీ పోగానే గొంతు లేస్తుంది. 2023 తర్వాత బీదర్ బీజేపీలో లేచింది అదే గొంతు.

సరిహద్దు దాటి సంగారెడ్డి జిల్లాలోకి వస్తే ఇదే నాటకం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1956 దాకా బీదర్ జిల్లాలోనే ఉన్న నారాయణఖేడ్‌లో 2023 అసెంబ్లీ ఎన్నికలకు కాంగ్రెస్ ముందు సురేశ్ షెట్కార్ పేరు ప్రకటించి, చివరి గడియలో పట్లోళ్ల సంజీవరెడ్డికి మార్చింది. షెట్కార్ గోడ దూకలేదు. సంజీవరెడ్డి గెలిచారు, ఆరు నెలలకే షెట్కార్ జహీరాబాద్ ఎంపీ అయ్యారు. అదే జిల్లా పటాన్‌చెరులో, అదే పార్టీ, అదే వారంలో నీలం మధు పేరు ప్రకటించి కాట శ్రీనివాస్ గౌడ్‌కు మార్చింది. మధు బీఎస్పీ గుర్తుతో నిలబడి 46 వేలకు పైగా ఓట్లు పట్టుకుపోయారు. కాంగ్రెస్ ఏడు వేల తేడాతో ఓడింది. ఒకచోట మనిషికి రేపటి మీద నమ్మకం కలిగింది, ఇంకోచోట కలగలేదు. తేడా అంతే.

ఇక జహీరాబాద్ లోక్‌సభ సంగతి. పదేళ్లు గులాబీ పార్టీ ఎంపీగా ఉన్న బీబీ పాటిల్ 2024 మార్చి 1న బీజేపీలో చేరారు. మర్నాడే టికెట్! ఏళ్ల తరబడి జెండా మోసినవాడు ఆ రాత్రి ఏమనుకున్నాడో ఎవరూ అడగలేదు. పాటిల్ 46,188 ఓట్లతో ఓడారు. అయితే పాత పార్టీకి పడిన దెబ్బ అంతకంటే పెద్దది. 2019లో 4,34,244 ఓట్లు వచ్చిన సీటులో దానికి రెండు లక్షలు కూడా రాలేదు. ఆ ఏడు రాష్ట్రంలో ఒక్క ఎంపీ సీటూ గెలవని పార్టీ కాబట్టి అంతా పాటిల్ పుణ్యమే అనలేం గానీ, నాయకుడితో పాటు కండువాలు కొన్ని తరలిపోయాయన్నది దాచితే దాగదు.

టికెట్ ఎవరికివ్వాలో కార్యకర్తలనే అడిగితే? అడిగి చూశారు కూడా. 2014లో రాహుల్ గాంధీ అమెరికా పద్ధతిలో కొన్ని లోక్‌సభ సీట్లలో పార్టీలోపలే ఎన్నిక పెట్టించారు. కర్ణాటకలో బెంగళూరు ఉత్తర, దక్షిణ కన్నడ సీట్లు వాటిలో ఉన్నాయి. మంగళూరులో జనార్దన పూజారి, హర్ష మొయిలీ తలపడితే పూజారి నెగ్గారు. అసలు ఎన్నికలో రెండు సీట్లూ పోయాయి. దాంతో ఆ ప్రయోగం అటకెక్కింది. దేశమంతా మోదీ గాలి వీచిన ఏడాది ఓడినందుకు పద్ధతిని తప్పుపట్టడం అన్యాయం. అలాగని పార్టీలో ఓటు పెడితే అలకలు ఉండవనుకోవడమూ అమాయకత్వమే. ఆ పద్ధతికి పుట్టిల్లయిన అమెరికాలో 2016లో బెర్నీ శాండర్స్‌కు పార్టీ ఎన్నికలో ఓటేసినవారిలో నూటికి పన్నెండు మంది దాకా చివరికి ట్రంప్‌కే వేశారని సర్వేలు చెప్పాయి. ఓడినవాడి మనుషులను మళ్లీ కలుపుకునే పని అక్కడా ఇక్కడా ఒకటే. అది చేసేవాడే లేడు.

బీదర్‌లో ఆ పని ఇంకా కష్టం కావడానికి కారణం ఉంది. కర్ణాటకలో జిల్లా, తాలూకా పంచాయతీల గడువు 2021లోనే ముగిసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికలే లేవు. బూత్ దగ్గర నిలబడే కుర్రాడు మెంబరు అవుదామంటే సీటు లేదు, మెంబరుగా చేసినవాడు అధ్యక్షుడు అవుదామంటే కుర్చీ లేదు. కింది మెట్లన్నీ తీసేస్తే జనమంతా పై మెట్టు మీదే తొక్కుకుంటారు. ఆరు అసెంబ్లీ సీట్లు, ఒక్క లోక్‌సభ సీటు కోసం మూడు పార్టీల ఆశావహులంతా కొట్టుకోక ఏం చేస్తారు? పటాన్‌చెరులో పోయిన 46 వేలనూ, బీదర్ పట్నంలో పోయిన 58 వేలనూ ఏ పార్టీ అయినా తిరిగి లెక్కించుకోవాలనుకుంటే ముందు ఆ కింది మెట్ల ఎన్నికలు జరిపించమని అడగాలి. అధికార పార్టీలోనూ, ప్రతిపక్షంలోనూ ఆ మాట గట్టిగా అడిగిన గొంతులు తక్కువ. కార్యకర్త మాత్రం తాలూకా ఆఫీసు ముందు నుంచి వెళ్తున్నప్పుడల్లా ఖాళీగా ఉన్న అధ్యక్షుడి గది వైపు ఓసారి చూసి వెళ్తున్నాడు.