తీగలేని పగ్గము

2016లో నారంభమైన అటల్ టింకరింగు ప్రయోగశాలలయందు 6 మొదలు 12 తరగతుల బాలబాలికలు రోబోలను గూర్చి, తీగ లేకయే నడపుట నేర్చుచున్నారు. మా తొండుపల్లియందైనను, మఱియెచ్చటనైనను, రోబో కదలనిచో “ఆడపిల్ల చేయి తగిలి చెడినది” యనువారు కలరు. మేమందుల కొప్పుకొనము.

మొదట బ్యాటరీని పరీక్షింపవలయును. దాని బలము తగ్గినచో మోటారు తిరుగగానే బంధము తెగవచ్చును. పిదప ఫోనుతో బ్లూటూతు జత కుదిరినదో లేదో చూడవలయును: హెచ్‌సి-05 పలకమీది దీపము వడివడిగా మినుకుచున్నచో జత కుదరలేదు, గుఱుతుసంఖ్య సాధారణముగా 1234. వై-ఫై పెట్టెయు, మైక్రోవేవు పొయ్యియు సుమారు 2.4 గిగాహెర్ట్జుల తరంగములనే వాడును గాన, వానికి దూరముగా నడపవలయును.

లోపమును వెదకుటయే యీ విద్యకు ప్రాణము. కావున బాలిక చేతినుండి ఫోనును లాగికొనక, ఆమెచేతనే వెదకింపుడని మా ప్రార్థన.